జూనియర్ అమ్మాయిల హైజంప్‌లో స్వర్ణం సమమైతే పంచుకోవడం న్యాయమేనా?

పర్లాకిమిడి నుంచి ఒక వ్యాయామోపాధ్యాయుడు:

ప్రపంచ అండర్-20 పోటీల వంటి వేదికపై ఇద్దరు అమ్మాయిలు హైజంప్‌లో మొదటి స్థానంలో సమంగా నిలిస్తే, జంప్‌ఆఫ్ (విజేత తేలేదాకా ఒక్కో ఎత్తుకు ఒక్కో ప్రయత్నంతో సాగే అదనపు దూకుల పోటీ) వద్దనుకొని స్వర్ణాన్ని పంచుకొనే వీలును ఇప్పటి నియమం ఇస్తోంది. పెద్దలకు ఆ వీలు ఉంటే ఉండవచ్చుగాని, జూనియర్లకు ఉండకూడదని నా అభిప్రాయం. టోక్యో ఒలింపిక్స్‌లో 2.37 మీటర్ల వద్ద ఖతార్ ఆటగాడు బర్షిమ్, ఇటలీ ఆటగాడు తంబేరి స్వర్ణాన్ని పంచుకొన్నారు. వారు తీవ్రమైన గాయాల నుంచి కోలుకొని వచ్చిన, ఎన్నో పోటీలు చూసిన ఆటగాళ్లు. 16 నుంచి 19 ఏళ్ల పిల్లలు మాత్రం ఇంకా నేర్చుకొంటున్నవారు. ఒకే ఒక్క ప్రయత్నంతో తేలిపోయే ఒత్తిడిని తట్టుకోవడం కూడా వారి శిక్షణలో భాగమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్‌కు చెందిన హమీష్ కెర్, అమెరికాకు చెందిన షెల్బీ మెక్‌ఇవెన్ 2.36 వద్ద సమమైనా జంప్‌ఆఫ్‌నే ఎంచుకొన్నారు. అందులో ఇద్దరూ విఫలమై కర్రను దించాక, కెర్ 2.34 దాటి గెలిచాడు. మన పిల్లలకు నేను చూపించదలచుకొన్న ఉదాహరణ అది.

రాయగడ నుంచి, హైజంప్ నేర్చుకొంటున్న ఒక అమ్మాయి తల్లి:

మాస్టారు, నమస్కారం. మీరు ఒత్తిడి గురించి చెప్పారు, నేను కాలి గురించి చెప్పదలచుకొన్నాను. వంపుగా పరుగెత్తి వచ్చి ఒంటికాలిపై పైకి లేచేటప్పుడు, ఆ క్షణంలో మడమ మీదా మోకాలి మీదా పడే బలం శరీర బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. తుది పోటీలో సమంగా నిలిచేసరికి అమ్మాయి అప్పటికే చాలాసార్లు దూకి ఉంటుంది, పైగా చివరి ఎత్తు వద్ద వరుసగా మూడుసార్లు విఫలమై ఉంటుంది. ఆ అలసిన కాలితోనే మళ్లీ దూకమనడం ఎదిగే వయసులో మంచిది కాదు. యుక్రెయిన్‌కు చెందిన మహుచిఖ్ 2018 యూత్ ఒలింపిక్స్‌లో గెలిచి, 2019లో దోహా ప్రపంచ పోటీలలో 18 ఏళ్ల వయసులో 2.04 దూకి, 2024లో 2.10తో బల్గేరియాకు చెందిన కోస్తాదినోవా 1987 నాటి 2.09 ప్రపంచ రికార్డును దాటగలిగిందంటే, ఆ కాలు అన్నేళ్లు నిలిచింది కాబట్టే. జూనియర్ పతకం ఒక మెట్టు మాత్రమే. ఇంకో మాట: పారిస్‌లో మహిళల కాంస్యాన్ని ఆస్ట్రేలియాకు చెందిన ప్యాటర్సన్, యుక్రెయిన్‌కు చెందిన హెరాష్చెంకో 1.95 వద్ద జంప్‌ఆఫ్ లేకుండానే పంచుకొన్నారు. కాంస్యానికి తప్పు కానిది స్వర్ణానికి ఎందుకు తప్పవుతుంది?

బరంపురం నుంచి, జిల్లా పోటీలలో న్యాయనిర్ణేతగా పనిచేసే వ్యక్తి:

మీ ఇద్దరి మాటలూ చదివాను. నియమం పూర్తిగా తెలిస్తే ఈ చర్చ మరో చోటికి చేరుతుందని నా నమ్మకం. ఇద్దరూ ఒకే ఎత్తు దాటినంత మాత్రాన అది జంప్‌ఆఫ్ దాకా రాదు. ముందుగా చివరగా దాటిన ఎత్తును ఎవరు తక్కువ ప్రయత్నాలలో దాటారో చూస్తారు. అక్కడా సమమైతే పోటీ మొదటినుంచి ఆ ఎత్తు వరకు మొత్తం వైఫల్యాలను లెక్కిస్తారు. పారిస్‌లో మహుచిఖ్, ఆస్ట్రేలియాకు చెందిన ఒలిస్లాగర్స్ ఇద్దరూ 2.00 దూకినా స్వర్ణం, రజతం ఈ లెక్కతోనే తేలాయి. ఈ రెండు వడపోతలూ దాటి వచ్చిన ఇద్దరు నిజంగానే సమానులు కనుక, వారు పంచుకొంటే నాకు అన్యాయమేమీ కనిపించదు.

నా బెంగ వేరు. ఇద్దరూ "మేము ఇక దూకం" అంటేనే స్వర్ణం ఇద్దరిదీ అవుతుంది. ఒక్కరే తప్పుకొంటే రెండవ అమ్మాయి విజేత. టోక్యోలో ఇద్దరికీ స్వర్ణం ఇవ్వవచ్చా అని బర్షిమ్ తానే అధికారిని అడిగి తెలుసుకొన్నాడు. మన సరిహద్దు జిల్లాలలో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియాలో చదివి, శిబిరంలో హిందీలో సూచనలు వినే అమ్మాయి, పరాయి దేశంలో శిక్షకుడు ప్రేక్షకుల వరుసలో ఉండగా ఇంగ్లీషులో ఆ ప్రశ్న అడగగలదా? అలసటతో, ఎదుటి అమ్మాయితో మాట్లాడకుండానే "నేను ఇక దూకలేను" అని ముందుగా అనేస్తే స్వర్ణం పోతుంది. అందుకే నియమాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ జిల్లా స్థాయిలోనే నేర్పాలి. భువనేశ్వర్ కళింగ స్టేడియానికి వెళ్లిన తరువాత నేర్పితే ఆలస్యమే.

పర్లాకిమిడి వ్యాయామోపాధ్యాయుడు:

నేర్పాలన్న మాటకు నా పూర్తి మద్దతు ఉంది. ఈ ఏడాది నుంచే మా బడి పోటీలలో మొదటి స్థానం సమమైతే పిల్లలకు రెండు దారులూ వివరించి, వారినే నిర్ణయించుకోమంటాను. అయితే జంప్‌ఆఫ్ ఉంటుందో ఉండదో పోటీ నిబంధనలలో ముందే రాసుకొనే అవకాశం కూడా నియమంలో ఉంది. కాబట్టి జూనియర్ పోటీలకు జంప్‌ఆఫ్ తప్పనిసరి అని రాయాలనే నేను ఇప్పటికీ కోరుతున్నాను. తల్లిగారి ఆందోళనను దృష్టిలో పెట్టుకొని ఒక హద్దు పెట్టవచ్చు: ఒక్కొక్కరికి మూడు దూకులు, అప్పటికీ తేలకపోతే పంచుకోవడం.

రాయగడ తల్లి:

మూడు ఎక్కువ, మాస్టారు. రెండు దూకులు, వాటి మధ్య తగినంత విరామం అంటే ఒప్పుకొంటాను. ఆ విరామం ఎంతో కూడా నిబంధనలో రాసి ఉండాలి, అక్కడున్న అధికారి ఇష్టానికి వదిలేయకూడదు.