సైన్యం నుంచి నాన్న వస్తున్నారు, పిల్లలు దగ్గరికి వెళ్తారా?

వానచినుకు:
తొమ్మిది నెలల డ్యూటీ తర్వాత పిల్లల నాన్న వచ్చే నెల ఇంటికొస్తున్నారు. పాపకు ఏడాదిన్నర, బాబుకు ఆరేళ్లు. పాప ఫోన్‌లో చూసి నవ్వుతుంది, ఎదురుగా వస్తే ఏడుస్తుందేమో. బాబు నా పక్కనే పడుకోవడానికి అలవాటు పడ్డాడు. రెండు నెలల్లో ఆయన మళ్లీ వెళ్లాలి. మొదటి రోజులు ఎలా నడపాలి?

గడపదీపం:
పాప ఏడవొచ్చండి, దానికి బెంగపడొద్దు. కొత్త మనుషులంటే భయం ఏడెనిమిది నెలలప్పుడు మొదలవుతుంది, ఏడాదిన్నరకు ఇంకా గట్టిగానే ఉంటుంది. ఫోన్‌లో నాన్న అరచేయంత. గుమ్మంలో అంత మనిషి చేతులు చాపి మీదికొస్తే జడుసుకోక ఏం చేస్తుంది?

వచ్చిన రోజు పాపను మీ చంక దించొద్దు. ఆయన నాలుగడుగుల దూరంలో, నేల మీద, కాస్త పక్కకు తిరిగి కూర్చుని మీతో మామూలుగా మాట్లాడాలి. కాసేపటికి పాపే ఏ బొమ్మో అందిస్తుంది. తీసుకుని, తిరిగి ఇచ్చెయ్యాలి. అంతే, ఎత్తుకోకూడదు. ఇలా పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు.

పనులు కూడా వరసగా అప్పగించండి. ముందు తినిపించడం, తర్వాత స్నానం, అన్నిటికన్నా చివర నిద్రపుచ్చడం. నిద్రమత్తులో పిల్లలకు అలవాటైన చెయ్యే కావాలి, అక్కడ తొందరపడితే అంతకుముందు కుదిరిందంతా చెడుతుంది. "నాన్న దగ్గరికి వెళ్లవే" అని నెట్టేవాళ్లను మాత్రం మొదటి రెండు రోజులు ఇంటికి పిలవకండి.

పలకాబలపం:
బాబు పడుకునే చోటు ఇప్పుడే మార్చండి. ఆయన వచ్చిన రాత్రి మారిస్తే "నాన్న వచ్చి నన్ను గెంటేశాడు" అన్నట్టే ఉంటుంది వాడికి.

వచ్చే తేదీ కచ్చితంగా చెప్పొద్దు, సైన్యంలో తేదీలు జరుగుతుంటాయి. ప్రయాణం ఖాయమయ్యాకే రోజులు లెక్కపెట్టించండి. చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరచడం పెద్దవాళ్ల సరదా, పిల్లలకు అది కుదుపు. తన అల్లరి వల్లే నాన్న వెళ్లాడని ఈ వయసు పిల్లలు లోలోపల అనుకోవచ్చు. వాడు అడక్కపోయినా, అది ఆయన ఉద్యోగమని విడమర్చి చెప్పండి.

ఆటలో బాబు చెప్పిందే నడవాలి. చదువు గురించి ప్రశ్నలు వద్దు. మందలింపు నెలపాటు మీ చేతిలోనే ఉంచుకోండి.

ఎర్రమట్టి:
పైవన్నీ సరే, ఆ నెల దగ్గరే నాకు పేచీ. ఉండేదే రెండు నెలలైతే అందులో సగం ఆయన ఆటలాడే చుట్టంగా మిగిలిపోతారు. రెండు వారాలు చాలు. ఆ తర్వాత ఇంట్లో ఇప్పుడున్న నియమాలనే ఆయనా అమలు చెయ్యాలి, కొత్తవి పెట్టకూడదు. మీరూ పక్కనుంచి "అలా కాదు, ఇలా పట్టుకోండి" అని సరిదిద్దకండి. పాప చొక్కా తిరగేసి తొడిగినా కొంపేం మునగదు.

ఇంకోటి. గట్టి చప్పుడుకు ఆయన ఉలిక్కిపడుతుంటే బాబుకు ముందే చెప్పండి: "నాన్నకు చప్పుడు పడట్లేదు, నీ మీద కోపం కాదు." పీడకలలు, పట్టలేని కోపం నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి. పిల్లలకు ఏదైనా హాని అనిపిస్తే నెల దాకా ఆగొద్దు.

తిరిగి వెళ్లేటప్పుడు పిల్లలు నిద్రలో ఉండగా జారుకోవద్దు. లేచి వెతుక్కున్న పిల్ల ఆ తర్వాత నిద్రకే భయపడొచ్చు. బాబుకు వారం ముందు, పాపకు ఆ రోజు ఉదయం చెప్పి, మెలకువలో ఉండగానే చెయ్యి ఊపి వెళ్లాలి. ఏడ్చినా సరే.