‘ప్రిపేర్డ్’ అంటే సిద్ధమా, ఒప్పుకోలా?

గట్టుమీద_కాకి: స్లయిడ్లు పూర్తికాక మేనేజర్‌కి "ఐ యామ్ నాట్ ప్రిపేర్డ్ టు ప్రెజెంట్ ఆన్ మండే" అని మెయిల్ పెట్టాను. నేను మొండికేశానని ఆయన పైవాళ్లకు పంపేశారు. "సిద్ధంగా లేను" అంటే తప్పేముంది?

నల్లబల్ల: తప్పే. ప్రిపేర్డ్ పక్కన ‘ఫర్’ వస్తే సన్నద్ధత, ప్రిపేర్డ్ ఫర్ ది ఎగ్జామ్ అన్నట్టు. ‘టు’ పెట్టి క్రియ వేస్తే చాలాసార్లు ఒప్పుకోలు. ముందు ‘నాట్’ కూడా తగిలిస్తే ససేమిరా అన్నట్టే వినిపిస్తుంది. "నాట్ రెడీ టు ప్రెజెంట్ యెట్" అంటే గొడవే లేదు.

చింతచిగురు: లంచ్ ఈజ్ ప్రిపేర్డ్ అంటే లంచ్ ఒప్పుకుందనా?

నల్లబల్ల: అక్కడ వండారని. మనం మనిషి గురించి మాట్లాడుతున్నాం.

బెజవాడ_ఎండ: ఇది ఇంగ్లిష్‌కే ఉన్న జబ్బు కాదు. "పరీక్షకు సిద్ధంగా లేను" అంటే చదవలేదని, "రాజీకి సిద్ధంగా లేను" అంటే ఒప్పుకోనని. తెలుగువాళ్లం మనకు తేడా తెలుస్తోందిగా.

చింతచిగురు: లాటిన్‌లో ‘ప్రే’ అంటే ముందు, ‘పరారే’ అంటే సమకూర్చడం. స్కౌట్స్ నినాదం ‘బీ ప్రిపేర్డ్’ కూడా అదేగా. ఒప్పుకోండి అని కాదు.

నల్లబల్ల: పుట్టుక వేరు, వాడుక వేరు. ‘సిద్ధం’ అంటే సంస్కృతంలో నెరవేరినది. "బయల్దేరడానికి సిద్ధం" అన్నవాడు ఊరు చేరిపోయాడా? 22 ఏళ్లుగా పిల్లలకు ఇదే చెబుతున్నాను, ఎవరూ వినరు.

గట్టుమీద_కాకి: మాకు చెప్పినవాళ్లే లేరు సార్. పదో తరగతిదాకా తెలుగు మీడియం. ఇటు ఇంగ్లిష్ మాట, అటు తెలుగు మాట, మధ్యలో గీత. బట్టీ పట్టాం. అదీ నా తప్పేనా?

బెజవాడ_ఎండ: మేనేజర్ తెలుగాయనేనా?

గట్టుమీద_కాకి: మా పక్క జిల్లా. అందుకే మండుతోంది. కింది వాక్యంలోనే "స్లయిడ్స్ ఆర్ నాట్ కంప్లీట్" అని రాశాను. ఒక్క ఫోన్ చేసి ఏంటని అడగొచ్చుగా?

నల్లబల్ల: ఆ వాక్యం ఇప్పుడా చెప్పేది! అది చదివీ పైకి పంపాడంటే ఆయనకు మీ ఇంగ్లిష్‌తో పేచీ లేదు, మీతోనే.

నల్లబల్ల: అయినా ‘టు’ తప్పే.

గట్టుమీద_కాకి: సరే సార్. ఇప్పుడు వివరణ రాయమన్నారు. "ఐ యామ్ ప్రిపేర్డ్ టు అపాలజైజ్" అనొచ్చా?

నల్లబల్ల: వద్దు. కావాలంటే చెబుతాలే అన్నట్టుంటుంది, క్షమాపణ చెప్పినట్టుండదు.

గట్టుమీద_కాకి: అయితే అదే రాస్తాను.