వెదజల్లడమా, పరిక్షేపణమా?

కృత్తికల చుట్టూ కనిపించే నీలి మసకను గురించిన వ్యాసమొకటి రాస్తున్నాను. అందులోని ధూళి రేణువులు నక్షత్రాల అతినీలలోహిత కాంతిని "వెదజల్లుతాయి" అన్న నా వాక్యాన్ని పరిష్కర్తగారు "పరిక్షేపిస్తాయి" అని దిద్దారు. చక్కని తెలుగు మాట ఉండగా ఈ దిద్దుబాటు అవసరమా? సభ్యులు చెప్పగలరు.

సమాధానం:

నేను పరిష్కర్తగారి వైపే మొగ్గుతాను; అయితే అది సంస్కృతపదం మీద మోజుతో కాదు. "దీపం కాంతిని వెదజల్లుతోంది" అన్నప్పుడు ఆ వెలుగు దీపానిదే. కృత్తికల మసక సంగతి వేరు. 1912లో అమెరికాలోని లోవెల్ వేధశాలలో ఖగోళశాస్త్రజ్ఞుడు వెస్టో స్లైఫర్ కృత్తికల్లో ఒకటైన మెరోపీ తార దగ్గరి మసక వర్ణపటాన్ని తీసినప్పుడు, అందులో వేడి వాయువు చూపే ప్రకాశరేఖలు లేవు. పక్కనున్న నక్షత్రాల వర్ణపటాన్నే అది పోలి ఉంది. అంటే ధూళిది అరువు వెలుగే.

అలాగని "పరిక్షేపణం" నిర్దుష్టమైన మాటేమీ కాదు. "పరి" అంటే చుట్టూ అని కదా. మైక్రానులో పదో వంతు స్థాయిలో ఉండే ఈ రేణువులు అతినీలలోహిత కాంతిని చుట్టూ సమానంగా కాక, చాలామటుకు అది వెళ్తున్న వైపుకే విసురుతాయి. చీకటి గదిలో తలుపు సందులోంచి పడే ఎండ చారను వెలుగుకు ఎదురుగా నిలబడి చూస్తే దుమ్ము తళతళలాడుతుంది. వెలుగుకు వీపు పెట్టి చూస్తే అదే దుమ్ము దాదాపు కనిపించదు. ఈ లెక్కన, ఇలాంటి మసకలకు స్థిరపడిన "పరావర్తన నీహారిక" అన్న పేరు, వెనక్కి మళ్లడాన్ని సూచిస్తుంది కనుక, అసలు సంగతికి ఇంకా దూరం.

మరొకటి: అతినీలలోహితంలోనే 217.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ధూళి కాంతిని విసరడం కంటే మింగడమే ఎక్కువ. ఆ దగ్గర నక్షత్రకాంతి మరీ ఎక్కువగా తగ్గుతుందని 1965లో ఖగోళశాస్త్రజ్ఞుడు థియోడర్ స్టెకర్ రాకెట్ పరిశీలనలతో బయటపెట్టారు. అక్కడ మాత్రం "శోషణం" అనే రాయండి.

ప్రశ్న అడిగినవారి జవాబు:

ధన్యవాదాలండీ. మీ ఎండ చారను చదువుతుంటే మా పొలంలో వరి వెదజల్లే మనిషి గుర్తుకు వచ్చాడు. గింజలు అతను పండించినవే కానక్కరలేదు, గుప్పిట్లోంచి అవి పడేది కూడా ఎక్కువగా అతని ముందువైపే. కనుక "తమపై పడిన అతినీలలోహిత కాంతిని చాలావరకు ముందుకే వెదజల్లుతాయి" అని సవరించి పరిష్కర్తగారికి మళ్లీ పంపుతున్నాను.