ఒక్క రికార్డు జీవితకాలపు అభిరుచిని పుట్టిస్తుందా, ఉన్నదాన్ని బయటపెడుతుందా?

పాతరికార్డు:
ప్రయోగాత్మక రాక్, అంటే మామూలు బాణీలను దాటి కొత్త ధ్వనులను వెతికే రాక్ సంగీతం మీద మక్కువ చిన్న వయసులో చేతికందిన ఒకే ఒక్క రికార్డుతో పుట్టవచ్చునని నా వాదన. ఆ బాణీకి పేరుపడ్డ అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా సంగతే చూడండి. న్యూయార్క్ రికార్డుల వర్తకుడు శామ్ గూడీ ఎలాంటి సరుకునైనా అమ్మగలడని పొగుడుతూ 'లుక్' పత్రిక రాసిన వ్యాసంలో, ఫ్రాన్స్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఆధునిక స్వరకర్త ఎడ్గార్ వరేజ్ రచనల రికార్డు వినలేని డప్పుల మోతగా ఈసడింపుకు గురైంది. ఆ ఈసడింపే పిల్లవాడైన జాపాను ఊరించింది. ఏడాదికి పైగా వెతికిన మీదట, శాన్ డియేగో సమీపంలోని లా మెసాలో హైఫై (నాణ్యమైన ధ్వనినిచ్చే) పరికరాలమ్మే దుకాణంలో అది కంటపడింది. వెల 5.95 డాలర్లు, జేబులో ఉన్నది 3.80. ఆ రికార్డు వినిపించి పరికరాలు చూపిస్తే ఎవరూ కొనడం లేదని విసిగిన దుకాణదారు, ఉన్న డబ్బుకే ఇచ్చేశాడు. 1966లో వచ్చిన జాపా తొలి ఆల్బమ్ 'ఫ్రీక్ అవుట్' అట్ట మీది రాతల్లోనూ వరేజ్ మాట ఉంది.

లయజ్ఞుడు:
పాతరికార్డు గారూ, ఈ కథే మీ వాదనకు అడ్డు వస్తోంది. ఆ పత్రికను లక్షలమంది చదివారు, వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం అప్పటికే డ్రమ్ములు నేర్చుకుంటున్న కుర్రవాడు. ఆ రికార్డులోని 'అయొనైజేషన్' 13 మంది లయవాద్యకారుల కోసం రాసినది, అందులో సైరన్లు సైతం మోగుతాయి. చెవి ముందే సిద్ధమై ఉంది, రికార్డు తర్వాత వచ్చింది. పైగా ఈ వృత్తాంతం జాపా 1971లో, ముప్పై ఏళ్ల వయసులో, పేరు వచ్చాక రాసుకున్నది. గొప్పవారైన తర్వాత బాల్యంలో అన్నీ శకునాలుగానే కనిపించడం మన ఇళ్లలోనూ చూస్తున్నదే.

తిరుగలి:
మీరిద్దరూ కొరతను మరచిపోతున్నారు. ఉన్న డబ్బంతా పోసి కొన్న రికార్డును, ఒకసారి విని నచ్చలేదని పక్కన పెట్టే ధైర్యం ఏ పిల్లవాడికీ ఉండదు. ఆ మోత భరించలేక తల్లి గదిలోకి పంపితే జాపా అక్కడే అరిగిపోయేదాకా విన్నాడు. ఇరవై క్షణాలకే పాట మార్చే ఈ రోజుల్లో వరేజ్ ఎవరికైనా అంతగా పట్టుబడతాడా అన్నది నా సందేహం.

పాతరికార్డు:
కొరత మాట ఒప్పుకుంటాను. అయితే అలవాటే అంతా అనుకుంటే, పదిహేనో పుట్టినరోజుకు తల్లి ఐదు డాలర్లు ఖర్చు పెట్టుకోమంటే, ఆ కుర్రవాడు దూరపు ఫోను చేసి న్యూయార్క్‌లో వరేజ్ కోసం ఎందుకు అడిగాడు? ఆయన విదేశంలో ఉండడంతో భార్య మాట్లాడారు. ఆ దుకాణంలో మొదట ఎంచుకున్నది రిథమ్ అండ్ బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల జనరంజక సంగీతం) వాయించే శాక్సొఫోన్ కళాకారుడు జో హ్యూస్టన్ రికార్డులను, ఫోను మాత్రం హ్యూస్టన్‌కు చేయలేదు.

లయజ్ఞుడు:
ఆ సంగీతాన్నీ ఆయన వదులుకోలేదు కదా. 1968లో ఏకంగా పాతకాలపు డూవాప్ (గొంతులు కలిపి బృందంగా పాడే 1950ల నాటి శైలి) బాణీలతోనే ఒక ఆల్బమ్ చేశారు. రెండు చెవులకూ రెండు మూలాలున్నాయి, మీరు ఒక్కదానికే హారతి పడుతున్నారు.

పాతరికార్డు:
ఉండవచ్చు. కానీ ఆ రోజు వరేజ్ రికార్డు కనబడగానే, అప్పటికే చేతపట్టుకున్న హ్యూస్టన్ రికార్డులను జాపా పరుగున వెళ్లి అరలో తిరిగి పెట్టేశాడు.