ఒకే కథలో కొందరు మునిగిపోతారు, కొందరు రెండో పేజీలోనే ఆగిపోతారు. కారణం ఎలా కనిపెట్టాలి?

అరసున్నా

సుమారు మూడు వేల పదాల కథ ఒకటి ఇరవై మందితో చదివించాలి. కథకు మార్కులు వేయించడం ఉద్దేశం కాదు. ఎవరు ఎక్కడ లీనమయ్యారు, ఎక్కడ జారిపోయారు, ఆ జారడానికి కారణం కథలో ఉందా, చదివే మనిషిలో ఉందా, చదివిన పరిస్థితిలో ఉందా అన్నది తేలాలి. "ఎలా ఉంది?" అని అడిగితే అందరూ "బాగుంది" అని తప్పించుకుంటారు కాబట్టి అది పనికిరాదు. మరి ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి? చదువుతుండగా అడిగితే ఆ అడగడమే లీనతను చెడగొట్టదా? ఇలాంటివి చేయించిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

---

నత్తనడక

"నచ్చిందా?" అన్న ప్రశ్నతో వచ్చే చిక్కేమిటంటే, నాలుగు వేర్వేరు సంగతులు ఒకే జవాబులో కలిసిపోతాయి. బుస్సెల్, బిలాంజిక్ అనే పరిశోధకులు 2009లో ఇచ్చిన 12 ప్రశ్నల స్కేల్ (చదివాక పాఠకుడు నింపే కొలత పత్రం) వాటిని విడదీస్తుంది: కథ అర్థమవడం, ధ్యాస నిలవడం, మనసు కదలడం, కథాలోకంలో ఉన్నట్టు అనిపించడం. ఒక్కోదానికి మూడేసి ప్రశ్నలు. అంతకుముందు 2000లో గ్రీన్, బ్రాక్ ఇచ్చిన 15 ప్రశ్నల స్కేల్ ఇంకా ఎక్కువ వాడుకలో ఉంది కానీ, దాన్ని మామూలుగా ఒకే మొత్తంగా లెక్కవేస్తారు. మీకు ఎంత మునిగారన్నది కాక ఎక్కడ తెగిందన్నది కావాలి కాబట్టి మొదటిదే మేలు.

నాలుగింటినీ కలిపి కూడకండి, పక్కపక్కన పెట్టి చూడండి. అర్థమవడం, ధ్యాస రెండూ పడిపోతే ముందు కథ మొదటి పేజీని అనుమానించాలి. అర్థమైంది, ధ్యాసా నిలిచింది, అయినా మనసు కదలలేదంటే చాలాసార్లు ఆ పాత్రకు ఏం కావాలో తెలుస్తోంది గానీ, అది దక్కకపోతే ఏం పోతుందో తెలియడం లేదని అర్థం. ధ్యాస ఒక్కటే పడిపోయి మిగతావి బాగుంటే కథను వదిలేసి, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని చదివారో అడగండి.

ఇక ఎక్కడ తెగిందన్నది. మీ అనుమానం నిజమే, చదువుతూ గుర్తులు పెట్టమంటే మనిషి పాఠకుడిగా ఉండడు, ప్రూఫులు దిద్దేవాడైపోతాడు. అందుకని ఇరవై మందినీ రెండు గుంపులు చేయండి. పదిమంది మొదట ఏ గుర్తూ లేకుండా చివరిదాకా చదవాలి. వెంటనే 12 ప్రశ్నలు నింపాలి. తర్వాత కథ మూసేసి, గుర్తున్నంత మేరకు సొంత మాటల్లో రాయాలి. ఆ తర్వాతే కథ మళ్లీ తెరిచి, తేలిపోయిన చోటల్లా, నమ్మబుద్ధి కాని చోటల్లా సున్నా చుట్టాలి. ఈ వరస మార్చొద్దు. ముందే "చెల్లెలు ఎందుకు వెళ్లిపోయింది?" అని అడిగారనుకోండి, చెల్లెలు ఒకతె ఉందని మరిచిపోయినవాడికీ గుర్తొస్తుంది. ఇక వాళ్లు రాసేదాన్ని లెక్కలోకి తీసుకోలేం.

రెండో పదిమందికి కథ మధ్యలో మూడుచోట్ల పేజీ ఆపి, "ఈ క్షణంలో మీ మనసు కథ మీదే ఉందా?" అని ఒక్క అవును-కాదు ప్రశ్న పెట్టండి. ఎడం సమానంగా ఉండకూడదు. 400వ పదం దగ్గర ఒకటి, 1,300 దగ్గర ఒకటి, 2,500 దగ్గర ఒకటి అన్నట్టు పెట్టండి, లేకపోతే రెండోది రాగానే మూడోది ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంటారు. ఈ ప్రశ్న ఎందుకంటే, మనసు ఎటో వెళ్లిపోయిందన్న సంగతి చాలాసేపు మనకే తెలియదు. తర్వాత అడిగితే "అంతా శ్రద్ధగానే చదివాను" అంటారు, పాపం అబద్ధమేమీ కాదు.

పదిమందికీ పదిమందికీ సగటులు పోల్చి తీర్పులు చెప్పొద్దు. అంత కొద్దిమందిలో ఒక్కరికి ఆరోజు తలనొప్పి ఉన్నా సగటు తిరగబడుతుంది. ఒకే పేరాగ్రాఫ్ మీద నాలుగైదు సున్నాలు పడ్డాయా అన్నది చూడండి, అది చాలు.

---

పుటచివర

నత్తనడక గారు చెప్పినదంతా కథ చేతికిచ్చాక జరిగే పని. అసలు సగం ఆట కథ మొదలవకముందే అయిపోతుంది.

బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ 1972 పరీక్ష చూడండి. బట్టలు ఉతకడం గురించిన పేరా ఒకటి, బట్టలన్న మాటే ఎక్కడా రాకుండా రాశారు. "ముందు వేర్వేరు కుప్పలుగా సర్దాలి, ఒకేసారి ఎక్కువ చేయకపోవడం మంచిది" అన్న ధోరణి. దాంట్లో 18 భావాలున్నాయి. విషయం ముందుగా చెప్పినవాళ్లకు సగటున 5.8 గుర్తున్నాయి. అసలు చెప్పనివాళ్లకు 2.82. చదివాక చెప్పినవాళ్లకు 2.65! అంటే తర్వాత చెప్పడం, చెప్పకపోవడం ఒకటే. చివరి పేజీలో అసలు సంగతి బయటపెడితే వెనకటిదంతా పాఠకుడికి దానంతటదే వెలిగిపోతుందని నమ్మే రచయితలు ఈ అంకెలు ఒకసారి చూడాలి. అలా వెలగాలంటే వెనకటి వివరాలు అప్పటికే ఏదో ఒక అర్థంతో, తప్పుడర్థంతోనైనా సరే, మనసులో నిలిచి ఉండాలి. ఏ అర్థమూ లేకుండా జారిపోయినవాటికి వెలగడానికి ఏమీ మిగలదు.

ఏ దృష్టితో చదువుతున్నామన్నది కూడా అంతే. అండర్సన్, పిచెర్ట్ 1978లో ఒక ఇంటి వర్ణన ఇచ్చి, కొందరిని దొంగలా, కొందరిని ఇల్లు కొనేవాడిలా చదవమన్నారు. మొదట ఒకసారి గుర్తున్నది రాయించుకుని, తర్వాత దృష్టి మార్చుకోమన్నారు. రెండోసారి అంతకుముందు రాయని వివరాలు రాశారు. చదివినవి మనసులో ఉన్నాయి, తీసే దారి లేదంతే. మీ ఇరవై మందిలో ఒకరు "ఈ కథలో తండ్రి పాత్రే లేదు" అంటే, తండ్రి నిజంగా కంటబడలేదా, వాళ్లు చదివిన దృష్టికి అక్కర్లేకపోయాడా అని ఆగి చూడాలి.

అందుకని కథ ఇచ్చేటప్పుడు మీరనే మాటలు కాగితం మీద రాసుకుని అందరికీ అవే చదివి వినిపించండి. రచయిత పేరు తీసేయండి. "నిజంగా జరిగిందట" అనొద్దు, "బహుమతి వచ్చింది" అనొద్దు. ఒకే పాఠాన్ని వార్త అని కొందరికి, సాహిత్యమని కొందరికి ఇచ్చి జ్వాన్ 1994లో చూశాడు. సాహిత్యమనుకున్నవాళ్లు నెమ్మదిగా చదివారు, వాక్యాల పోకడ ఎక్కువ గుర్తుంచుకున్నారు. వార్త అనుకున్నవాళ్లకు ఏం జరిగిందన్నది బాగా పట్టుబడింది. పాఠంలో ఒక్క అక్షరం మారలేదు.

---

తాటాకు

పై ఇద్దరి మాటలకూ మన దగ్గర వెయ్యేళ్ల కిందటి పట్టిక ఒకటి ఉంది. రసం అనగానే అందరూ తొమ్మిదింటి జాబితా చదివేసి ఊరుకుంటారు గానీ, ఈ చర్చకు పనికొచ్చేది అది కాదు. రసం ఎలా కలుగుతుందో చెప్పే నాట్యశాస్త్రంలోని రససూత్రానికి వ్యాఖ్యానం రాస్తూ కశ్మీర పండితుడు అభినవగుప్తుడు అభినవభారతిలో రసం కలగకుండా అడ్డుపడే విఘ్నాలు ఏడు చెప్పాడు. వాటిని తప్పులు వెతికే పట్టికలా వాడుకోవచ్చు.

జరిగేది నమ్మదగ్గట్టు లేకపోవడం మొదటిది. మీవాళ్లు చుట్టే సున్నాల్లో కొన్ని ఇక్కడికే చేరతాయి. రెండోది, "ఇది నాదే", "ఇది ఎవరిదో" అన్న పట్టు వదలకపోవడం. మూడోది చదివేవాడు తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండటం. నాలుగు, అయిదు: తెలుసుకునే సాధనాల లోపం, స్పష్టత లేకపోవడం. ఆరోది ఏది ముఖ్యమో తేలకపోవడం. ఏడోది సందేహం, అంటే పాత్ర చూపే లక్షణం ఏ భావానిదో నిర్ణయించలేకపోవడం. కన్నీళ్లు వచ్చాయంటే దుఃఖమా, ఆనందమా, పొగా?

వీటిలో రెండోదాన్ని జనం తలకిందులుగా అర్థం చేసుకుంటారు. కథ "అచ్చం నా జీవితమే" అనిపిస్తే పాఠకుడు ఇంకా లోతుకు దిగుతాడనుకుంటాం. కొంతవరకే. తన సంగతి మరీ దగ్గరైతే అతను కథ చదవడం మానేసి తన జ్ఞాపకాలు చదువుకుంటాడు. 12 ప్రశ్నల్లో మనసు కదలడం దగ్గర ఎక్కువ, ధ్యాస దగ్గర తక్కువ వేసినవాళ్లుంటే, వాళ్లు తిరిగి రాసినదాంట్లో కథలో లేని వివరాలు దూరాయేమో వెతకండి. దూరితే ఇదే విఘ్నం.

మూడోదానికి కథను సరిదిద్దలేరు. చదివేముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి, ఫోన్లు పక్క గదిలో పెట్టించండి. పూర్వం నాటకానికి ముందు సంగీతం, నాట్యం, రంగస్థలం అలంకరణ పెట్టింది ఇందుకేనని ఆయనే అంటాడు.

---

అరసున్నా

చాలా సంతోషం. ఇంకో రెండు అడుగుతాను. ముగింపు ముందే తెలిసిపోతే లీనత పోతుందంటారే, నిజమేనా? ఇరవై మందిలో ఒకరిద్దరు మిగతావాళ్లకు చెప్పేసే ప్రమాదం ఉంది. ఇక కాగితం, ఫోను సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ఫోన్లో ఇస్తే ఒక్కో పేజీ మీద ఎంతసేపు ఉన్నారో కూడా తెలుస్తుందని ఆశ.

---

బుక్‌మార్క్

స్పాయిలర్ల మీద పరీక్షలు ఒక మాట మీద లేవు. 2011లో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ 12 చిన్నకథలతో చేస్తే, ముగింపు ముందే తెలిసినవాళ్లే ఎక్కువ ఆనందించారు. 2015లో జాన్సన్, రోజెన్‌బామ్ చేస్తే తెలియనివాళ్లు ఎక్కువ ఆనందించారు. ఏం పోతుంది, ఏం ఉంటుంది అన్నది కథ దేని మీద నడుస్తోందన్నదాన్ని బట్టి ఉంటుందని నా లెక్క. బ్రూయర్, లిక్టెన్‌స్టైన్ 1982లో చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది. కీలకమైన సంగతి దాచి, దాచినట్టు తెలియనీయకపోతే ఆశ్చర్యం. దాచినట్టు తెలిసేలా దాస్తే కుతూహలం. సంగతి ముందే చెప్పి, ఫలితాన్ని ఆలస్యం చేస్తే ఉత్కంఠ. ముగింపు చెప్పేస్తే మొదటిది చచ్చిపోతుంది, రెండోది సగం పోతుంది, మూడోది చాలామటుకు బతుకుతుంది. మీ కథ ఆశ్చర్యం మీద నిలబడిందైతే అందరినీ ఒకే పూట కూర్చోబెట్టండి. ఉత్కంఠ మీదైతే అంత కంగారు అక్కర్లేదు.

కాగితమా, ఫోనా: 2018లో డెల్గాడో బృందం 54 అధ్యయనాలు కలిపి చూస్తే, సమాచార పాఠాలకు కాగితం మెరుగు, కేవలం కథలకు తేడా కనబడలేదు. కానీ 2019లో మాంగెన్ బృందం 28 పేజీల మిస్టరీ కథను సగంమందికి పుస్తకంగా, సగంమందికి కిండిల్‌లో ఇస్తే, ఏ సంఘటన ముందు, ఏది వెనక అన్నది పుస్తకం వాళ్లకే బాగా గుర్తుంది. మీ కథలో కాలం వెనక్కీ ముందుకీ దూకుతుంటే అందరికీ కాగితమే ఇవ్వండి. సగంమందికి అదీ, సగంమందికి ఇదీ మాత్రం వద్దు, ఇరవై మందిలో ఆ తేడాను విడదీయలేరు. ఆడియో అసలు వద్దు. తాను బిగ్గరగా చదవడం, మౌనంగా చదవడం, వినడం, మూడింటినీ వరావ్ సౌసా బృందం 2013లో పోల్చితే మనసు ఎక్కువగా తిరిగింది వినేటప్పుడే.

పేజీ మీద గడిపిన సమయాన్ని మాత్రం నమ్మకండి. ఎక్కువసేపు ఉంటే విసుగనీ అర్థం కావచ్చు, అర్థం కాలేదనీ కావచ్చు, తెగ నచ్చిందనీ కావచ్చు. సరదాకి చదివేవాళ్లు తమకు బాగా నచ్చిన పుటల దగ్గర వేగం తగ్గిస్తారని విక్టర్ నెల్ 1980ల్లోనే చూపించాడు.

---

నత్తనడక

సున్నాలు ఒకేచోట పడ్డాక ఏం చూడాలో చెప్పడం మరిచాను. ఎక్కువసార్లు కారణం పెద్దదేమీ కాదు, ఇలాంటిది:

"రవి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక మాధవ్ బయటికొచ్చాడు. వీధి చివర ఆగి జేబు తడుముకున్నాడు. తక్కువగా ఉంది. మళ్లీ వెనక్కి వెళ్లేసరికి తలుపు వేసి ఉంది. అతను నవ్వుకున్నాడు."

మొదటి నాలుగు వాక్యాల్లో ఇబ్బంది లేదు. కర్త లేకపోయినా మాధవే అని తెలుస్తోంది. అయిదో వాక్యంలో ఉన్నట్టుండి "అతను" వచ్చింది. అంతదాకా లేని కర్త ఇప్పుడెందుకొచ్చింది? మనిషి మారాడు కాబోలు, తలుపు వెనక రవి నవ్వుకుంటున్నాడు కాబోలు అని సగంమంది అనుకుంటారు. మాధవే అనుకున్నవాడికి అది చేదు నవ్వు. రవి అనుకున్నవాడికి మోసం. అక్కణ్నుంచి ఇద్దరూ వేర్వేరు కథలు చదువుతున్నారు, పేజీన్నర తర్వాత ఒకడికి ఏదీ అతకదు. సున్నా అక్కడ పడుతుంది, తప్పు ఇక్కడ ఉంటుంది. కాబట్టి సున్నా పడ్డ పేరాతో ఆగకండి, దాని పైన 300 పదాల దాకా వెనక్కి వెళ్లి కర్త, చోటు, కాలం, పాత్ర ఉద్దేశం, కారణం, ఈ అయిదింటిలో ఏది చెప్పకుండా మారిందో చూడండి. ఒకేచోట రెండు మూడు కలిసి మారితే దాదాపు అదే.

---

అరసున్నా

అర్థమైంది. తిరిగి రాసినవాటిని ఎలా దిద్దాలి? ఎంత గుర్తుందన్నదానికి లెక్క ఉండాలి కదా.

---

పుటచివర

ముందే కథను చిన్న చిన్న సంఘటనలుగా విడగొట్టుకోండి, మూడు వేల పదాలకు నలభై, యాభై వస్తాయి. ఒక్కోదానికి ఎన్ని ముందు సంఘటనలు కారణం, అది ఎన్నిటికి కారణం అని పక్కన అంకె వేయండి. ట్రబాసో, వాన్ డెన్ బ్రూక్ 1985 ప్రకారం ఇలాంటి కారణాల లింకులు ఎక్కువున్నవే ఎక్కువగా గుర్తుంటాయి. లింకులు ఎక్కువున్న సంఘటనను చాలామంది మరిచిపోతే, అది రాసిన తీరులో ఏదో ఉంది. లింకులే లేనిది అందరికీ గుర్తుంటే అక్కడ ఏదో బొమ్మ బలంగా పడిందన్నమాట. దిద్దడం ఇద్దరు విడివిడిగా చేయండి, తేడా వచ్చినచోట మాత్రమే కూర్చుని మాట్లాడుకోండి. ఆ ఇద్దరిలో కథ రాసినవారు ఉండకూడదు. పాఠకుడు రాయనిది కూడా వాళ్లకు కనబడుతుంది.