అమ్మానాన్నల్ని ఫిబ్రవరిలో యూకే రప్పించొచ్చా, మే దాకా ఆగాలా?

డెర్బీ_తణుకు
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్న మొదటిసారి ఇక్కడికి వస్తున్నారు. నాన్నగారికి 68, రిటైరైన హైస్కూల్ మాస్టారు, ఎంత దూరమైనా నడుస్తారు. అమ్మకి 63, మోకాళ్ల నొప్పులు. నాకు 2027లో సెలవులు ఫిబ్రవరిలోనే దొరికేలా ఉన్నాయి. టికెట్లు కూడా జూన్ కంటే బాగా తక్కువ. మా ఆవిడేమో "ఫిబ్రవరిలో వాళ్లకి ఏం చూపిస్తావు, హీటర్ చూపిస్తావా?" అంటోంది. చలికాలం చివర్లో ఇక్కడ పెద్దవాళ్లకి నచ్చేవి నిజంగా ఉన్నాయా, లేక నేను చవక టికెట్ చూసి ఆశపడుతున్నానా? మొహమాటం లేకుండా చెప్పండి.

క్రాయ్‌డన్_కబుర్లు
వద్దండి. ఫిబ్రవరి మొదట్లో లండన్‌లోనే సాయంత్రం ఐదు కాకముందే సూర్యుడు వెళ్లిపోతాడు, మీ డెర్బీలోనూ దాదాపు అంతే. ఫోన్‌లో 8 డిగ్రీలు అని చూసి పర్లేదనుకుంటారు గానీ ఆ తడి గాలి సంగతి తణుకు వాళ్లకి తెలియదు. చూడదగ్గ పాత భవంతుల్లో చాలావాటి లోపలికి మార్చి వస్తే గానీ రానివ్వరు. మా అత్తగారూ మామగారూ ఒకసారి ఫిబ్రవరిలోనే వచ్చారు. రెండు రోజులయ్యాక మామగారు కిటికీ దగ్గర నిలబడి, "ఎదురింట్లో అసలు మనుషులున్నారా?" అని అడిగారు. ఉన్నారు. ఆరు నెలలుగా మాకూ కనిపించలేదు, అంతే.

గ్లాస్టర్_గోదారి
క్రాయ్‌డన్ గారు చెప్పింది ఇంట్లో కూర్చుంటే నిజం. బయటికి వెళ్లే వాళ్లకి నా ఓటు ఫిబ్రవరికే. మే, జూన్‌లో మనం తిరిగేవన్నీ టూరిస్టుల కోసం సిద్ధం చేసినవి. ఈ నెలలో జరిగేవి ఊళ్లవాళ్లు తమ కోసం తాము చేసుకునేవి. మీరుండేది డెర్బీ, ఇంకేం కావాలి? అక్కడికి పదమూడు, పద్నాలుగు మైళ్లలో ఆష్‌బోర్న్ ఉంది. ఈస్టర్‌కి ముందు క్రైస్తవులు చేసే లెంట్ ఉపవాసాలు మొదలయ్యే ముందు వచ్చే ష్రోవ్ ట్యూస్‌డే, ఆ మర్నాడు యాష్ వెడ్నెస్‌డే, రెండు రోజులూ ఆ ఊరంతా ఒకే ఫుట్‌బాల్ ఆట. మైదానం ఉండదు. హెన్‌మోర్ వాగుకి ఉత్తరాన పుట్టినవాళ్లు అప్పర్డ్స్, దక్షిణాన పుట్టినవాళ్లు డౌనర్డ్స్. గోల్స్ మధ్య దూరం మూడు మైళ్లు. పైగా ఎవరి గోల్‌కి వాళ్లే బంతి మోసుకెళ్లాలి, ఎదుటివాళ్ల గోల్‌కి కాదు! అక్కడ నీళ్లలో నిలబడి తిరగలిరాయికి మూడుసార్లు కొడితే గోల్. మధ్యాహ్నం రెండింటికి మొదలై రాత్రి పదిదాకా సాగొచ్చు. షాపులవాళ్లు అద్దాలకి చెక్కలు కొట్టుకుంటారు. 1928లో అప్పటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వచ్చి బంతి విసిరాడు, పేరులో 'రాయల్' అప్పటి నుంచే. 2003లో చార్లెస్ కూడా వచ్చి విసిరాడు. గోల్ కొట్టినవాడికి ఆ బంతే ఇచ్చేస్తారు, దానిమీద పేరు రాయించుకుని ఇంట్లో పెట్టుకుంటాడు. మీ నాన్నగారు మాస్టారంటున్నారు, ఇలాంటివి ఆయనకి మ్యూజియం కంటే నచ్చుతాయి.

2027లో ష్రోవ్ ట్యూస్‌డే ఫిబ్రవరి 9. ఈస్టర్‌కి 47 రోజుల ముందు వస్తుంది కాబట్టి ఏటా మారుతుంది, టికెట్ బుక్ చేసేముందు చూసుకోండి.

క్రాయ్‌డన్_కబుర్లు
బాగుంది. మోకాళ్ల నొప్పులున్న ఆవిడని వందలమంది మగాళ్లు బురదలో తోసుకునే చోటికి తీసుకెళ్లమంటున్నారన్నమాట. ఆ ఆటలో హత్య చేయకూడదని ఒక నియమం ఉందట, అది కూడా చెప్పండి.

గ్లాస్టర్_గోదారి
ఉంది. బంతిని బండిలో ఎక్కించుకుని పారిపోకూడదని, కోటు కిందో సంచీలోనో దాచకూడదని, శ్మశానంలోకి వెళ్లకూడదని కూడా ఉన్నాయి. ఆవిణ్ణి గుంపులోకి దింపమని ఎవరన్నారు? షా క్రాఫ్ట్ కార్ పార్క్ దగ్గర బంతి విసిరే ముందు అందరూ కలిసి 'ఆల్డ్ లాంగ్ సైన్', జాతీయ గీతం పాడతారు. అది దూరం నుంచి చూసి, ఏదైనా కెఫేలో కూర్చుంటే గంటలో ఊరి కబుర్లన్నీ వాళ్లే చెబుతారు.

భీమవరం_బుల్లోడు
అన్నా, ఈ ష్రోవ్ ట్యూస్‌డే సంగతి మన గోదావరి వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఒకప్పుడు ఇంగ్లాండులో ఆ రోజు పెద్ద ఆకర్షణ కోడిపందేలే! కోడిని కట్టేసి కర్రలతో కొట్టే ఆట ఇంకోటి ఉండేది, అది మరీ ఘోరం. 1835లో చట్టం తెచ్చి కోడిపందేలు ఆపేశారు. అదే ఏడాది ఇంకో చట్టంలో రోడ్ల మీద ఫుట్‌బాల్‌నీ నిషేధించారు. కోళ్ల ఆట పోయింది, ఆష్‌బోర్న్ బంతి మాత్రం ఇంకా వీధుల్లోనే తిరుగుతోంది. మా ఊళ్లో ఏ చట్టం ఎంత పనిచేస్తుందో నన్ను అడగకండి.

లెస్టర్_అక్క
తమ్ముడూ, మీరంతా మగాళ్ల ఆట గురించే మాట్లాడుతున్నారు. అదే రోజు బకింగ్‌హామ్‌షైర్‌లోని ఓల్నీలో ఆడవాళ్ల పాన్‌కేక్ పరుగు ఉంది. 1445లో ఒకావిడ అట్టు వేస్తుండగా చర్చి గంట మోగితే పెనంతోనే పరుగెత్తిందని కథ. ఇప్పుడూ ఏప్రన్, తలకి స్కార్ఫ్ కట్టుకుని పెనం పట్టుకుని మార్కెట్ ప్లేస్ నుంచి చర్చి దాకా 415 గజాలు పరుగెత్తుతారు. ఊళ్లో ఉండేవాళ్లకే ఆ అవకాశం. 1950 నుంచి అమెరికాలో కాన్సాస్‌లోని లిబరల్ అనే ఊరితో పోటీ, ఎవరి టైమ్ తక్కువో చూసుకుంటారు. అంతా మధ్యాహ్నానికల్లా అయిపోతుంది, మీ అమ్మగారికి ఇది సరిపోతుంది.

లెంట్‌కి ముందు ఇంట్లో ఉన్న గుడ్లు, వెన్న, పాలు ఖర్చు చేయడానికి మొదలైన అట్లు ఇవి. మీవాళ్లు గుడ్డు తినకపోతే మైదా, పాలు, చిటికెడు బేకింగ్ పౌడరుతో పోయండి, పైన పంచదార, నిమ్మరసం. మా అమ్మ అల్లం పచ్చడి అడిగింది, ఇచ్చాను.

కానీ అసలు మాట ఒకటి. మీ ఆవిడ వద్దంటోందంటే ఊరికే కాదు. ఫిబ్రవరిలో పెద్దవాళ్లు వస్తే పొద్దున్నుంచి రాత్రిదాకా మూసిన తలుపుల మధ్య నలుగురు. పూటకో టిఫిను, బట్టలు ఆరవు, కిటికీల మీద నీళ్లు కారతాయి, హీటింగ్ ఎక్కువైందని ఒకరు, చాల్లేదని ఒకరు. మీరు సెలవులో ఉంటారు సరే, ఆమెకి సెలవుందా? మే నెలలో అయితే మామగారు తొమ్మిదింటిదాకా పార్కులో తిరిగొస్తారు. ఏ పండుగ చూపించాలన్నది ఆ తర్వాతి మాట.

డెర్బీ_తణుకు
అక్కా, ఆమెకి సెలవు లేదు. వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాలి. ఇది నేను రాయలేదు గానీ ఇంట్లో గొడవ దాని మీదే.

అబర్డీన్_ఆయిల్
చలికాలం చివర అనగానే నాకు గుర్తొచ్చేది స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో జరిగే అప్ హెల్లీ ఆ అనే పండుగ. లెర్విక్‌లో జనవరి చివరి మంగళవారం. వెయ్యిమంది దాకా దివిటీలు పట్టుకుని వైకింగ్ ఓడని లాక్కుంటూ ఊరేగి, ఆఖర్న దివిటీలన్నీ అందులోకే విసిరి తగలబెడతారు. నెలల తరబడి చెక్కిన ఓడ! ఆ తర్వాత బృందాలు తెల్లవార్లూ హాలు హాలుకీ తిరిగి నాటకాలు, పాటలు. మర్నాడు ఊరికి సెలవు. చాలా ఏళ్లు లెర్విక్ ఊరేగింపు బృందాల్లో ఆడవాళ్లని చేర్చుకోలేదు. ఎంతో వాదన జరిగాక 2022లో ఆ నిబంధన తీసేశారు, 2023 నుంచి వాళ్లూ నడుస్తున్నారు. గ్లాస్టర్ గారూ, "ఊళ్లవాళ్లు తమ కోసం చేసుకునేది" అంటే అంతా ముద్దుగా ఉంటుందని కాదు. లోపలివాళ్లెవరు, బయటివాళ్లెవరు అన్న గీత కూడా దాంతోనే వస్తుంది.

డెర్బీ తమ్ముడూ, నువ్వు మాత్రం అమ్మానాన్నల్ని అక్కడికి తీసుకెళ్లొద్దు. అబర్డీన్ నుంచి రాత్రంతా ఓడ ప్రయాణం, పన్నెండు గంటల పైమాటే, జనవరి సముద్రం మీద. నాకే కడుపులో తిప్పింది.

క్రాయ్‌డన్_కబుర్లు
అబర్డీన్ గారు నా మనసులో మాట చెప్పారు. వాళ్ల పండుగ వాళ్లది. మనం కంచె ఇవతల నిలబడి ఫోటోలు తీసుకుంటాం. దానికోసం చలిలో ముసలివాళ్లు ఎందుకు?

గ్లాస్టర్_గోదారి
కంచె ఎక్కడుంది? ఓల్నీలో రోడ్డు పక్కన నిలబడితే పక్కావిడే మాట కలుపుతుంది. లండన్‌లో ఏ పెద్ద ఉత్సవానికైనా వెళ్లి ఒక్క మనిషితో మాట్లాడి రండి చూద్దాం. చైనీస్ న్యూ ఇయర్ ఊరేగింపు చూడ్డానికి ట్రఫాల్గర్ స్క్వేర్ వెళ్లాం, నాకు కనిపించింది ముందున్నాయన టోపీ.

పోనీ, జనమే వద్దు. స్నోడ్రాప్స్ అనే తెల్లటి పూలు చూపించండి. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి అంతా ఉంటాయి. మా వైపు పెయిన్స్‌విక్ రొకోకో గార్డెన్, కోల్స్‌బోర్న్ పార్క్, కేంబ్రిడ్జి దగ్గర ఆంగ్లెసీ అబ్బే. ఆకులు రాలిన చెట్ల కింద నేలంతా తెల్లగా. ఫిబ్రవరి 2 క్యాండిల్‌మస్ పండుగ నాటికి పూస్తాయని వీటిని క్యాండిల్‌మస్ గంటలు అనేవారు. దీని పిచ్చోళ్లు వేరే ఉన్నారు. 2022లో 'గోల్డెన్ టియర్స్' అనే రకం ఒక్క మొక్క ఆన్‌లైన్ వేలంలో 1,850 పౌండ్లు పలికింది. ఇది మాత్రం మీ నాన్నగారికి చెప్పకండి, లేదా చెప్పి ఆయన మొహం చూడండి.

వార్డ్_డ్యూటీ
నేను నర్సుని, నా బాధలు వేరు. ఒకటి, ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోకుండా ఏ నెలలోనూ రప్పించకండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఎమర్జెన్సీ విభాగంలో చూసేంతవరకే ఉచితం, వార్డులో చేర్చుకుంటే ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) మామూలు ధరకి ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. రెండు, స్నోడ్రాప్ తోటలంటే కాలు జారే బురద. చక్రాల కుర్చీ వెళ్లే దారి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లండి. ఆంగ్లెసీ అబ్బే ఈ విషయంలో నయం. పాదాలకి పట్టు ఉన్న బూట్లు ఇక్కడికి వచ్చాక కొనండి. హైదరాబాద్‌లో కొన్న 'స్నో షూస్'తో మా వార్డుకి వచ్చినవాళ్లున్నారు.

మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి నా సలహా లండన్‌లోని క్యూ గార్డెన్స్ ఆర్కిడ్ పూల పండుగ. ఫిబ్రవరిలోనే, అద్దాల గదిలో, వెచ్చగా. లోపలికి వెళ్లగానే స్వెటర్ తీసేయాలి. ఒక ఆవిడ అక్కడి బెంచీ మీద కూర్చుని "ఇప్పుడు ఊపిరాడింది" అనడం నేను విన్నాను, తెలుగులోనే. యార్క్ వైకింగ్ ఉత్సవం పిల్లలున్నవాళ్లకి బాగుంటుంది, స్కూళ్ల సెలవుల్లో వస్తుంది కాబట్టి రైళ్లూ హోటళ్లూ ఖరీదు.

క్రాయ్‌డన్_కబుర్లు
సరే, మధ్యేమార్గం ఒకటి చెప్తాను. ఫిబ్రవరి మొదట్లో కాదు, ఆఖరి వారంలో దిగమనండి. నెల మొదటికీ చివరికీ పగలు దాదాపు రెండు గంటలు పెరుగుతుంది, మార్చి 1కి సాయంత్రం ఐదున్నర దాకా వెలుతురు. ఆ రోజే వేల్స్‌లో సెయింట్ డేవిడ్స్ డే, కార్డిఫ్‌లో ఊరేగింపు, అందరి కోటు మీదా డాఫొడిల్ పువ్వో, లీక్ అనే ఉల్లికాడలాంటి కూరో. 2027లో మార్చి 6 శివరాత్రి, బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్ బాలాజీ గుడికి తీసుకెళ్లొచ్చు, మీకు గంట దారి. మర్నాడు 7న మదరింగ్ సండే, చాలా చర్చిల్లో అమ్మలకి పూలు ఇస్తారు. ఆ పూలు ఎవరికిస్తున్నాం అని ఎవరూ అడగరు.

గ్లాస్టర్_గోదారి
అంటే ఆష్‌బోర్న్ పోయె, ఓల్నీ పోయె, స్నోడ్రాప్స్ వాడిపోయె. మిగిలింది గుడి. గుడి తణుకులో లేదా?

లెస్టర్_అక్క
గుడి వాళ్లకి కావాలి, నీకు వద్దు. అంతే తేడా. కొత్త చోట వారానికోసారి నలుగురు తెలుగువాళ్లు కనిపిస్తే పెద్దవాళ్లు మిగతా ఆరు రోజులు లాగేస్తారు.

డెర్బీ_తణుకు
నిన్న ఇదంతా నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన అడిగింది ఒకటే, "ఆ బంతిలో గాలా, ఇంకేదైనా కూరతారా?" కార్క్ ముక్కలు, వాగులో పడితే తేలడానికి అని చెప్పాను. "అయితే 9వ తారీకుకి ముందే దిగుతాం" అన్నారు. వెనక నుంచి అమ్మ "ఆ వెచ్చటి గది ఎక్కడుందన్నావ్?" అంటోంది.

అక్క చెప్పిన దాని గురించి కూడా ఆలోచించాను. మా ఆవిడ ఆఫీసుకి వెళ్లే రోజుల్లో వంట నాది, మధ్యాహ్నం వాళ్లని బయటికి తీసుకెళ్లడం నాది అని రాసి ఫ్రిజ్ మీద అంటించాను. తను చదివి, "మిగతా నాలుగు రోజులు?" అని కింద రాసింది. ఇంకా ఒప్పుకోలేదు.

క్రాయ్‌డన్_కబుర్లు
నేను మీ ఆవిడ పక్షమే. ఆ నాలుగు రోజుల సంగతి తేల్చాకే టికెట్ కొనండి. ఒకవేళ వెళ్తే మాత్రం ఆష్‌బోర్న్‌కి రైలు లేదు, డెర్బీ నుంచి బస్సే. కారులో వెళ్తే ఊరి బయట ఆపి నడవండి. ఆ గుంపు ఏ వీధిలోకి తిరుగుతుందో ఆడేవాళ్లకే తెలియదు, మీ కారు అద్దాలకి ఏం తెలుస్తుంది.