అమ్మాయి బడికి సైకిల్ మీద వెళ్తానంటోంది, పెద్ద రోడ్డు దాటాలి: ఏం నేర్పాలి, ఎవరిని అడగాలి?

ప్రశ్న (అమ్మాయి తండ్రి, హనుమకొండ)

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఈ ఏడాది తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. ఇల్లు కాజీపేట వైపు, బడి హనుమకొండలో. దూరం నాలుగు కిలోమీటర్లు. ఆటోలో పిల్లలను కుక్కి తీసుకెళ్లడం చూడలేక సైకిల్ కొన్నాను. తనకు తొక్కడం బాగా వచ్చు, కానీ ఇంతవరకు కాలనీ వీధులు దాటలేదు. పెద్ద రోడ్డు మీద బస్సులు, లారీలు ఎక్కువ. బడి దగ్గరి కూడలిలో కుడివైపు తిరగాలి. ఆ మలుపులోనే మురుగు కాలువ మీద ఇనుప జాలీ ఉంది. దాని కమ్మీలు రోడ్డు పొడవునా ఉండటంతో సైకిల్ టైరు సందులోకి దిగిపోతుంది. ఇదంతా చూసి వాళ్ల అమ్మ ఒప్పుకోవడం లేదు.

మా కాలనీ నుంచి ఇంకో ఎనిమిది మంది పిల్లలు అదే దారిలో వెళ్తారు. తల్లిదండ్రులందరం కలిసి సైకిల్ ట్రాక్ వేయమని అడగాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

జవాబు (రోజూ ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లే వ్యక్తి, హైదరాబాద్)

ముందుగా ఆమె తల్లి భయం సరైనదే. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా ఆదివారం ఉదయం ముగ్గురూ కలిసి ఆ నాలుగు కిలోమీటర్లు నడవండి. సైకిల్ వద్దు, నడకే. ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ బస్సు ఆగుతుంది, ఏ దుకాణం ముందు కార్లు నిలుపుతారు, అన్నీ కాగితం మీద రాసుకోండి. నాలుగు కిలోమీటర్లలో నిజంగా ప్రమాదకరమైన చోట్లు మూడో నాలుగో తేలతాయి. మిగతాదంతా మామూలు రోడ్డే. సందు దారి ఉంటే అర కిలోమీటరు ఎక్కువైనా అటే పంపండి.

ఇక అమ్మాయికి నేర్పవలసిన మొదటి విద్య వెనక్కి చూడటం. తొక్కడం వచ్చిన పిల్లల్లో చాలామందికి ఇది రాదు. తల తిప్పగానే హ్యాండిల్ కూడా అటే తిరిగి సైకిల్ రోడ్డు మధ్యకు పోతుంది. మైదానంలో సున్నంతో గీత గీసి దాని మీద తొక్కమనండి. మీరు వెనుక నిలబడి చేతి వేళ్లు చూపించండి. గీత దాటకుండా తల తిప్పి, ఎన్ని వేళ్లో చెప్పాలి. మా అబ్బాయికి మొదటి రోజు గీత ఎక్కడుందో కూడా తెలియలేదు. రోజూ పావుగంట చొప్పున వారం పట్టింది. ఇది వచ్చాకే పెద్ద రోడ్డు.

రెండోది బస్సు. ఆగి ఉన్న బస్సుకైనా, ఎడమకు తిరుగుతున్న లారీకైనా ఎడమ పక్క సందులో ఎప్పుడూ దూరకూడదు. అక్కడ ఉన్న సైకిల్ డ్రైవరుకు కనిపించదు. బండి తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి. వెనుకే ఆగి, అది వెళ్లాక కదలమనండి. ఆగి ఉన్న కార్లకు కనీసం ఒక మీటరు దూరం ఉండాలి. చూడకుండా తెరిచిన కారు తలుపు తగిలి పడి, నా మణికట్టుకు ఆరు వారాలు కట్టు ఉంది. అప్పటి నుంచి ఆ మీటరును వదలలేదు.

కూడలిలో కుడి మలుపు మీ అమ్మాయికి అసలు వద్దు. ఎడమ అంచునే ఆగి, సైకిల్ దిగి, నడిపించుకుంటూ జీబ్రా గీతల మీద దాటమనండి. రెండు నిమిషాలు పోతాయి, పోనివ్వండి.

బండి విషయానికి వస్తే బ్రేకు రబ్బర్లు అరిగాయేమో నెలకోసారి చూడండి. వెనుక ఎర్ర లైటు, బడి సంచికి మెరిసే పట్టీ కొనండి. సైకిల్‌కు హెల్మెట్‌ను చట్టం తప్పనిసరి చేయలేదు, మీరు మాత్రం చేయండి. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లు పట్టేంత బిగుతు ఉంటే చాలు.

మరొక సభ్యుడు

చిన్నప్పుడు మాకు వచ్చే బండ్లకు ఎదురుగా తొక్కమని చెప్పేవారు. వచ్చే బండి కళ్ల ముందే కనిపిస్తుంది కదా, వెనుక నుంచి గుద్దే భయం ఉండదు. అదే మేలు కాదా?

జవాబు (హైదరాబాద్ సభ్యుడు)

కాదండి. ఈ నమ్మకం ఇళ్లలో ఇంకా ఉంది కాబట్టి వివరంగా చెబుతాను. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, సైకిల్ 15తో వెళ్తున్నాయనుకోండి. ఒకే దిశలో వెళితే వాటి మధ్య తేడా 25. ఎదురుగా వెళితే 55. ముప్పై మీటర్ల దూరంలో డ్రైవరు సైకిల్‌ను చూశాడనుకుంటే, మొదటి సందర్భంలో అతనికి నాలుగు సెకన్లకు పైగా సమయం దొరుకుతుంది. రెండో సందర్భంలో రెండు సెకన్లే. బ్రేకు మీద కాలు పడటానికే ఒక సెకను పోతుంది. ఇంకా పెద్ద చిక్కు సందుల దగ్గర. సందులోంచి పెద్ద రోడ్డు ఎక్కేవాడు తన కుడివైపే చూస్తాడు, బండ్లు అటు నుంచే వస్తాయి కాబట్టి. ఎడమ నుంచి ఎదురుగా వచ్చే పిల్లను చూడనే చూడడు. నడిచేవారు ఎదురుగా నడవడం మంచిదే. సైకిల్‌కు ఆ లెక్క పనికిరాదు, అది వాహనం.

జవాబు (ఉపాధ్యాయురాలు, వరంగల్)

తొమ్మిది మంది పిల్లలున్నారంటున్నారు. వాళ్లను విడివిడిగా పంపకండి. ఒకే సమయానికి, ఒకే చోట నుంచి, వరుసగా ఒకరి వెనుక ఒకరు బయలుదేరాలి. ముందు ఒక పెద్దవారు, వెనుక ఒక పెద్దవారు. తల్లిదండ్రులు వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి వారానికి ఒకటి రెండు రోజులే పడతాయి. తొమ్మిది సైకిళ్ల వరుస దూరం నుంచే కనిపిస్తుంది. పక్కపక్కన తొక్కుతూ కబుర్లు చెప్పుకోవడం మాత్రం ఒప్పుకోవద్దు. బడి వారితో కూడా మాట్లాడండి: సైకిల్ పిల్లలను సాయంత్రం పది నిమిషాలు ముందు వదిలితే గేటు దగ్గర ఆటోలు, కార్ల తోపులాటలో చిక్కుకోరు.

జవాబు (సివిల్ ఇంజనీరు)

ట్రాక్ గురించి నా మాట కొంచెం నిరుత్సాహంగా అనిపించవచ్చు. మొదటి అర్జీలోనే ట్రాక్ అడగకండి. దానికి స్థలం, నిధులు, టెండరు కావాలి, ఏళ్లు పడుతుంది. మీ అమ్మాయి అప్పటికి ఇంటర్ దాటుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో తెరిచారు. వ్యాయామానికి చక్కగా ఉంటుంది, కానీ పిల్లలను బడికి చేర్చేది ఇంటి ముందు వీధి, ఆ కూడలి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

జాలీ ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి సందు వెడల్పు కనిపించేలా. కమ్మీలు రోడ్డుకు అడ్డంగా వచ్చేలా దాన్ని తిప్పి బిగిస్తే సరిపోతుంది. ఇది ఒక పూట పని. రెండోది, ఆ కూడలిలో జీబ్రా గీతలు మళ్లీ వేయించడం. మూడోది, బడి వేళల్లో ఒక హోంగార్డు. ఈ మూడే రాయండి.

అర్జీకి బలం లెక్క నుంచి వస్తుంది. మూడు రోజులు ఉదయం గంట, సాయంత్రం గంట ఆ కూడలిలో నిలబడి ఎన్ని సైకిళ్లు వెళ్లాయో, వాటిలో బడి పిల్లలెందరో గీతలు గీసి లెక్కపెట్టండి. దాన్ని జత చేసి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణికి అందరూ కలిసి వెళ్లండి. రసీదు తప్పక తీసుకోండి. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో, మా అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 198ఎ సెక్షన్ కూడా ప్రస్తావించవచ్చు. రోడ్డు నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుందని అది చెబుతుంది.

ట్రాక్ మాట రెండో అర్జీలో ఎత్తండి. సైకిల్ ట్రాకుల కొలతలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 11 అనే ప్రమాణ పత్రం ఉంది, 2015లో సవరించారు. సైకిల్ వాడకాన్ని పెంచడానికి కేంద్రం 2020లో నగరాల మధ్య మొదలుపెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో వరంగల్ విజేతల్లో ఒకటి. మీ ఊరికి ఇది కొత్త విషయం కాదని అధికారులకు గుర్తు చేయండి.

అడిగిన తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం నడిచాం, ఈసారి వాళ్ల అమ్మే నోట్‌బుక్ పట్టుకుంది. ప్రమాదకరమైన చోట్లు నాలుగు తేలాయి, ఒకటి తప్పించే సందు కూడా దొరికింది. వేళ్ల ఆట ఈ సాయంత్రం నుంచి మొదలు. లెక్కకు గురువారం నుంచి నిలబడుతున్నాం. ఒక చిన్న సందేహం: జాలీ తిప్పేవరకు దాని మీద గోనెసంచి మట్టి వేసి కప్పవచ్చా?

జవాబు (సివిల్ ఇంజనీరు)

వద్దండి, వానకు నీళ్లు నిలిచి గుంత కనిపించకుండా పోతుంది, అది ఇంకా ప్రమాదం. జాలీకి రెండు మీటర్ల ముందు రోడ్డు మీద తెల్ల రంగుతో పెద్ద గుర్తు వేయండి. పిల్లలను అక్కడే దిగి నడవమనండి.